ఊరిని లాట్లుగా అమ్మితే

పెన్సిల్వేనియాలోని షార్టిల్స్‌విల్‌లో ‘రోడ్‌సైడ్ అమెరికా’ అని ఒక బొమ్మల దేశం ఉండేది. లారెన్స్ గీరింగర్ ఇళ్లు, చర్చిలు, వంతెనలు చేత్తో చేసుకుంటూ, వాటి మధ్య రైళ్లు తిప్పుతూ పోయాడు. 1935లో జనానికి చూపించాడు. 1963లో ఆయన పోయాక కుటుంబం దాన్ని దాదాపు అలాగే నిలబెట్టింది. మధ్యమధ్యలో హాల్లో లైట్లు తీసేసి రాత్రి చేసేవాళ్లు. బుల్లి కిటికీలు వెలిగేవి. 2020 నవంబరులో శాశ్వతంగా మూతపడింది. 2021 జనవరిలో వేలం.

“పోనీలే, అభిమానుల ఇళ్లకే చేరాయిగా” అనేవాళ్లుంటారు. నాకు మింగుడుపడని మాట ఇదే. అమ్ముడుపోయినవి బొమ్మలు. పోయింది ఊరు. చర్చి ఒకరి షెల్ఫు మీదికీ, వంతెన ఇంకొకరి గ్యారేజీలోకీ వెళ్లాక ఆ రైలు ఎక్కడికి పోవాలి? నవలని పేజీకింతని అమ్మేసి, పాఠకులకే చేరిందిగా అంటే ఒప్పుకుంటామా?

కుటుంబాన్ని తప్పుపట్టను. మొత్తంగా కొనేవాళ్ల కోసం వాళ్లు వెతికారు. దొరకలేదు. తప్పు మనం కళని కొలిచే తీరులో ఉంది. గ్యాలరీలో పెడితే ‘ఇన్‌స్టలేషన్’ అంటాం. అదే హైవే పక్కన టికెట్ పెట్టి చూపిస్తే ‘టైంపాస్’ అంటాం. పిల్లలు ముచ్చటపడ్డారు కాబట్టి కళ కాదన్నమాట!

ఒక మనిషి జీవితమంతా పెట్టి చేసిన పని అది. దాన్ని ఒక్కటిగా కాపాడే బాధ్యత మ్యూజియంలది కాకపోతే ఇంకెవరిది? అదీ వేలం రోజున కాదు, టికెట్లు తెగుతున్న రోజుల్లోనే తీసుకోవాల్సిన బాధ్యత. మూసేశాక “అయ్యో” అనడం సులువే. తెరిచున్నప్పుడు అడగాలి.