కల్లు ముంత, ద్రాక్షారసపు సీసా

మన గోదావరి పుట్టిన నాసిక్ సీమలో 2000 సంవత్సరమున సూలా తోటవారి మొదటి ద్రాక్షారసము అమ్మకమునకు వచ్చెను. నేడు మన పట్టణ సహోదరులు కొందరు అట్టి తోటలకు విహారముగా పోయి, చేపకు తెల్లని సోవిన్యాన్ బ్లాంక్, మాంసమునకు ఎఱ్ఱని షిరాజ్ తగునని నేర్చుకొని వచ్చుచున్నారు. దానిని రుచిజ్ఞానమందురు. కానిమ్ము. అయితే పొలమునుండి వచ్చి ఎండుచేపతో ముంతెడు కల్లు త్రాగినవానిని ప్రభువు బల్లకు దూరపరచితిరే, అదెట్టి న్యాయము? తాటికల్లులో మద్యసారము నూటికి 4, 5 పాళ్లు. ఆ సీసాలో 12, 13. త్రాగుటయే పాపమందువా, ఇద్దరిని గద్దింపుము. మితము తప్పుటయే పాపమందువా, ఇద్దరిని ఒక్క కొలతతోనే కొలువుము. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు చూపినవారిని యాకోబు విడిచిపెట్టెనా? నేనును పెద్దలతో కూర్చుండి అట్టి తీర్పునకు తల యూపినవాడనే. ఆ సహోదరుడు నేటికిని ఆరాధనవేళ గుడి బయట చింతచెట్టు క్రిందనే కూర్చుండుచున్నాడు.