ఎల్‌కేజీకి గ్రేడెందుకు?

నాలుగేళ్ల పిల్లకి ప్రోగ్రెస్ కార్డేమిటండీ? మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ప్లేస్కూలు ఫ్లెక్సీ చూసినా రాత గురించే గొప్పలు. మా పాప కార్డులో "రైటింగ్: పూర్" అని రాశారు. మణికట్టులోని ఎనిమిది ఎముకలూ ఆ వయసుకి పూర్తిగా గట్టిపడవు. పూర్ అన్నది పిల్లనా, ప్రకృతినా?

అదే పిల్ల చెరువుగట్టు మీద కొంగల్ని లెక్కపెడుతుంది. చీమ ఎక్కడికి పోతోందో పావుగంట కథ చెబుతుంది, తెలుగులో. దానికి కార్డులో గడి లేదు.

తెలంగాణ 2018లో తెచ్చిన చట్టం తెలుగుని ఒకటి నుంచి పదో తరగతి దాకా తప్పనిసరి చేసింది. దానికి ముందున్న నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలని వదిలేసింది. భాష వేళ్లూనేది అప్పుడే కదా! 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటల చదువే కావాలంది. గిజుభాయి బధేకా భావనగర్‌లో 1920లోనే బాలమందిరం పెట్టి అది చేసి చూపించాడు.

"ఫీజు కట్టేవాళ్లకి రుజువు చూపించాలి కదా" అంటారు స్కూలువాళ్లు. నిజమే, నోట్‌బుక్ నిండితేనే చదువొచ్చిందని నమ్మేది మనమే. రుజువు కావాలంటే పిల్లతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి, చాలు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో నేనడగబోయేది ఒకటే: రోజుకి ఎంతసేపు ఆడనిస్తున్నారు? మీరూ అడగండి.