ఐదో స్టేజీ అంటే ఆఖరి స్టేజీ కాదు

ఈ మధ్య మా పిల్లల వార్డులో నాలుగేళ్ల పాపను చేర్చారు. స్కానింగులో రెండు కిడ్నీలలోనూ గడ్డలు ఉన్నాయి. అంతకుముందు చూపించిన చోట చీటీ మీద "స్టేజీ 5" అని రాసి ఇచ్చారట. మర్నాడు ఉదయానికే తాతయ్య మూట సర్దేశారు. "నాలుగో స్టేజీ అంటేనే బతకరంటారు గదా సిస్టరమ్మా, ఇది ఐదోది. బిడ్డను ఇంక బాధపెట్టొద్దు" అన్నారు. ఆయనది తప్పని మేము అనము. అంకె చెప్పి అర్థం చెప్పని ఆస్పత్రి వాళ్లదే తప్పు, అందులో మేమూ ఉన్నాము.

చిన్నపిల్లలకు వచ్చే ఈ అరుదైన కిడ్నీ కాన్సర్‌ను విల్మ్స్ ట్యూమర్ అంటారు. 1899లో దీనిపై గ్రంథం రాసిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరు దీనికి నిలిచింది. సుమారు 10,000 మంది పిల్లలలో ఒకరికి, ఎక్కువగా ఐదేళ్లలోపు వస్తుంది. ఇందులో ఐదో స్టేజీ అంటే రెండు కిడ్నీలలోనూ కణితి ఉందని మాత్రమే అర్థం. ఒక్కో కిడ్నీకి మళ్లీ విడిగా స్టేజీ కడతారు. ముందు కీమోతో గడ్డను తగ్గించి, కిడ్నీని వీలైనంత మిగిల్చి ఆపరేషన్ చేస్తారు. నాలుగో స్టేజీ అంటే ఊపిరితిత్తులకో కాలేయానికో పాకినది. అయినా కణాల తీరు మంచిదై, వైద్యం మధ్యలో ఆగకుండా పూర్తిగా అందితే ఆ పిల్లలలో కూడా ఎక్కువమంది బ్రతుకుతున్నారు.

అంకెతో పాటు అడగవలసినది పాథాలజీ రిపోర్టులోని ఒక్క మాట: అనాప్లేసియా ఉందా, లేదా? అది గడ్డ అంతటా ఉంటే చిన్న స్టేజీని కూడా తేలికగా తీసుకోరాదు. అందుకే, ఆ రిపోర్టు రాకముందు "ఇన్నాళ్లు బతుకుతుంది" అని ఎవరు చెప్పినా అది ఊహే.

ఒక సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు గడ్డ పగిలితే స్టేజీ మూడుకు పెరుగుతుంది. కనుక మంచానికి "పొట్ట నొక్కరాదు" అని అట్ట కట్టిస్తాము. నర్సింగ్ విద్యార్థినులకే కాదు, ఆముదం రాసి పొట్ట రుద్దే అమ్మమ్మలకు కూడా గట్టిగా చెబుతాము. కోపగించుకున్నా సరే.

జబ్బును దాచమని మేము అనడం లేదు. కాన్సర్ అని మొదటి రోజే చెప్పాలి. స్టేజీ అంకెను మాత్రం వార్డు నడవలో, నిలబడి, ఒక్క ముక్కలో చెప్పరాదు. డాక్టరుగారు, నర్సు ఇద్దరూ కూర్చుని, కాగితం మీద రెండు కిడ్నీల బొమ్మ గీసి చెప్పాలి. ఆ తాతయ్యకు అలాగే చెప్పాము. పది నిమిషాలు పట్టింది. మూట ఇంకా మంచం కిందనే ఉంది గాని, పాపకు రెండో విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్ బుధవారం.