నేర్పిన ఖర్చు ఎవడి నెత్తిన?

అప్రెంటిస్‌ను పెట్టుకుంటే యజమానికి నష్టమట. స్టైపెండ్ ఇవ్వాలి, నేర్పే మనిషిని చూపాలి, కుర్రాడు పాడుచేసిన ఇనుము లెక్క రాసుకోవాలి, ఇన్నీ అయ్యాక వాడు ఇంకోచోటికి పోతాడు. ఈ ఏడుపు ముతకబడిపోయింది. కంపెనీ షావుకారు ఏడిస్తే ఏడ్చాడనుకోవచ్చు. రైల్వే వర్క్‌షాపుల సంగతి వచ్చినప్పుడు కూడా చదువుకున్న పెద్దలు ఇదే పాట ఎత్తుకుంటున్నారు. సరే, లెక్కే తీద్దాం.

లాలాగూడ, గుంటుపల్లి, తిరుపతి వర్క్‌షాపుల్లోకి అప్రెంటిస్‌గా పోయే మనోళ్లలో ఎక్కువమంది ఐటిఐ పాసైనవాళ్లే. అంటే ఫైలు పట్టడం, వెల్డింగ్ రాడ్డు పట్టడం ముందే నేర్చుకున్నారు. ఆ ఏడాది, రెండేళ్ల ఖర్చు రైల్వేది కాదు. కూలికి పోయిన అమ్మది, అప్పు తెచ్చిన నాయనది. మొదటి రెండు మూడు నెలలు తప్పులు చేస్తారు, ఇనుము పాడవుతుంది, మేస్త్రీ టైమూ పోతుంది. కాదనం. ఆ తర్వాత? బోగీ విప్పేది, బోల్టు బిగించేది, రంగు వేసేది ఎవరు? ఆ పనికి లెక్క ఏ పుస్తకంలో రాస్తున్నారు?

ఖర్చు ఒక పక్కన రాసి రాబడి దాచిపెడితే అది లెక్క కాదు, దొరగారి పద్దు.

2019లో సవరించిన నియమాలు ఐటిఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అన్నాయి. సికింద్రాబాదులో గది కిరాయి, మెస్ బిల్లు కట్టాక ఊళ్లోకి పంపేదెంత? పైగా 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ వీళ్లు కార్మికులు కారంటుంది. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, బోనస్ లేదు. గాయమైతే పరిహారం మాత్రం రాశారు, దయతలిచారు! పని చేసేటప్పుడు కార్మికుడు, అడిగేటప్పుడు విద్యార్థి.

అదే చట్టంలో శిక్షణ తర్వాత ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని మొదట్నుంచీ ఉంది. 2014 సవరణలో, ఎవరి విధానం వాళ్లు రాసుకోండన్నారు. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతావన్నీ సమానమైతే శిక్షణ పొందినవాడికే ముందు చోటివ్వాలన్నది. తీర్పు కాగితం మీద బాగానే ఉంది. 2018 మార్చి 20న బొంబాయిలో మాటుంగా, దాదర్ మధ్య అప్రెంటిస్‌లు పట్టాల మీద కూర్చుంటే దొరికింది లాఠీ.

వాళ్ల కోపం ఊరికే రాలేదు. రైల్వే వీళ్లకు కేటాయించింది లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం. లెవెల్-1 అంటే హెల్పర్, ట్రాక్ మెయింటైనర్. మన భాషలో గ్యాంగ్‌మన్. ఫిట్టర్ పని నేర్పి గడ్డపార చేతికిచ్చుడు! అదీ పోటీ పరీక్ష దాటితేనే. ఇక్కడ ఆగి ఆలోచించండి. అంటరానివాళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌లుగానే మిగిలిపోతున్నారని బాబాసాహెబ్ ఆనాడే ఎత్తిచూపారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే దళిత కార్మికుల సభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీవిధానం రెండూ మన శత్రువులేనన్నారు. తాత గ్యాంగులో ఉన్నాడు, మనవడు సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని అదే గ్యాంగులోకి పోవాలా?

1973 సవరణతో శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ వచ్చింది. మంచిదే. కొలిమి దగ్గరికి రానివ్వని మనల్ని వర్క్‌షాపులోకి రానిచ్చింది అదే. అయితే నేర్చుకునే గది తలుపు తెరిచి టెక్నీషియన్ పోస్టు తలుపు మూసేస్తే, నేర్పిన ఖర్చు నిజంగా దండగే. ఆ దండగ చేసేది రైల్వే, మోసేది మనం. లందలో తోలు నానబెట్టడం నేర్చుకున్న మాదిగ పిల్లవాడికి ఎవడు స్టైపెండ్ ఇచ్చాడు? ఎవడు ఖర్చు రాశాడు? ఊరంతా చెప్పులు మాత్రం తొడుక్కుంది.

మీ వాడల్లో అప్రెంటిస్ చేస్తున్నవాళ్లుంటే రోజూ చేసిన పని ఒక నోట్‌బుక్కులో రాయమనండి. ఏ షాపు, ఏ పని, ఎన్ని గంటలు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో వర్క్‌షాపుకు దరఖాస్తు పెట్టండి. పేదరికపు రేఖకు దిగువన ఉన్నట్టు కాగితం జతచేస్తే ఆ పదీ అక్కర్లేదు. ట్రేడువారీగా ఎస్సీ, ఎస్టీ సీట్లెన్ని, నిండినవెన్ని, శిక్షణ ముగిసినవాళ్లలో ఎంతమంది టెక్నీషియన్‌లయ్యారు, ఎంతమంది గ్యాంగులో చేరారు, ఎంతమంది ఇంటికి పోయారు, ఐదేళ్లవి అడగండి. వచ్చిన జవాబులు మాకు పంపండి. ఏ వర్క్‌షాపుదైనా సరే, పూర్తిగా అచ్చేస్తాం.