కొట్టు ఒక్కటే ఆకలి తీర్చునా?

“బీదలకొరకు కొట్టు పెట్టితిమి గదా, ఇక మనకేమి పని?” అనువారు మనలో లేకపోలేదు. ఆ మాట తప్పని చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను.

అమెరికాలోని ఫీనిక్సు పట్టణమందు 1967లో జాన్ వాన్ హెంగెల్ అను నతడు మొదటి ఆహారపు బ్యాంకును స్థాపించెను. దుకాణములవారు పారవేసిన మంచి ఆహారముతో ఒక తల్లి తన బిడ్డలను పోషించుకొనుట ఆయనను కదలించెను. సెయింట్ మేరీస్ సంఘము వాడుకలో లేని తన కట్టడము నిచ్చెను. దుకాణదారులు సరకు నిచ్చిరి. ఊరివారు మోసిరి, ఏరిరి, పంచిరి. మొదటి సంవత్సరములోనే 2,75,000 పౌనుల ఆహారము అక్కరగలవారికి చేరెను. ఇది ఒక్కని పనియా? ఉత్త గోడల పనియా?

ఏ యింట పొయ్యి రాజలేదో కొట్టుకు తెలియదు; పొరుగువానికి తెలియును. అడుగుటకు సిగ్గుపడు విధవరాలి తలుపును కొట్టు వచ్చి తట్టదు, మనమే తట్టవలెను. పురుగుపట్టిన నూకలు తెచ్చి దానమనకుడి. మీ బిడ్డలకు పెట్టనిది పరుల బిడ్డలకు పెట్టుట దానము కాదు, పెంటకు పోవలసినదానిని వదిలించుకొనుటయే.

“సోమరులకేల పెట్టవలెను?” అందురా? పసిబిడ్డ సోమరియా? కూలి దొరకక తిరిగివచ్చినవాడు సోమరియా?

నేటి సాయంకాలము మీరు ఎసరు పెట్టకముందు, మీ వీధిలో ఎవరి పొయ్యి చల్లగా నున్నదో విచారింపుడి.