నిర్మాణ వ్యాపారస్థులకును, ఇల్లు కట్టించుకొను పెద్దలకును విజ్ఞప్తి



2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది మొదలు, హైదరాబాదు పడమటి దిక్కున సగము లేచిన భవనములు లేచినట్లే నిలిచిపోయినవి. స్తంభములపైకి వచ్చిన ఇనుప చువ్వలు తొలకరి నాటికి త్రుప్పు పట్టినవి. అప్పులకు వాయిదా దొరికినను వడ్డీ ఆగలేదు. ఫ్లాటు కొనదలచినవారు వెనుకాడిరి. మీకు కలిగిన నష్టమును తక్కువచేసి మాటాడుట నా యభిమతము కాదు.

అయినను, పని మరల సాగించుటకు అనుమతులు వచ్చిన పిమ్మటను పని సాగకుండుటకు కారణము సిమెంటు కొరతయా? కాదు, మనుష్యులు లేకపోయిరి. ఏప్రిల్ 29న సంగారెడ్డి చెంత కందిలోని ఐ.ఐ.టి. నిర్మాణస్థలమున కార్మికులు కూలి బకాయిల కొరకును, స్వగ్రామములకు పంపుమనియు రోడ్డెక్కిరి; మే 1వ తేదీ వేకువను లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు, సుమారు 1,200 మందితో, దేశమున మొదటి శ్రామిక్ రైలు కదలినది. అంతకుముందే మేడ్చల్ రహదారిపై బిడ్డలను భుజములకెత్తుకొని నడచినవారిని మనము చూచితిమి.

వారికొక నిధి లేకపోలేదు. 1996 నాటి చట్టముతో మొదలైన పద్ధతిని బట్టి నిర్మాణవ్యయముపై మీరు చెల్లించు సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలికి చేరుచున్నది; ఆ నిధినుండి కార్మికుల ఖాతాలకు సొమ్ము పంపుడని కేంద్రము 2020 మార్చి 24ననే రాష్ట్రములకు సూచించినది. కాని అది పేరు నమోదైనవారికే అందును. నమోదు కావలెనన్న గడచిన పండ్రెండు నెలలలో 90 దినములు నిర్మాణపు పని చేసినట్లు రుజువుండవలెను. అడ్డామీద నిలువబడి, ఒక వారము ఒక మేస్త్రీకిని మరువారము వేరొక మేస్త్రీకిని కాంక్రీటు తట్టలు మోయు ఆడకూలికి ఆ రుజువెవరు వ్రాసి యిత్తురు? అడిగినచో మేస్త్రీ కంట్రాక్టరును చూపును, కంట్రాక్టరు బిల్డరును చూపును, బిల్డరు ఆమె తన మనిషి కాదనును. ఆమె ఎత్తిన శ్లాబు మాత్రము ఆయనదే. ఈ అన్యాయము మనస్సును కలచివేయుచున్నది.

కావున మిమ్ము వేడుకొనుచున్నాను: పని ఆరంభింపకముందే మస్టరు పుస్తకమొకటి తెరచి, స్థానికులైనను పరరాష్ట్రీయులైనను, ప్రతి కూలి పేరును, ఊరును, పనిదినములను అందు వ్రాయింపుడు. కూలి డబ్బులతోపాటు తేదీలు వేసిన చీటి యిండు. చిన్నయిల్లు కట్టించుకొనువారును ఇట్లు చేయవచ్చును. తొంబది దినములకును మీరొక్కరే పూచీపడ నక్కరలేదు. మీయొద్ద చేసినవి పది దినములే యైనచో, ఆ పదింటికే సంతకము చేయుడు.