ఔటింగ్ బ్యాగు ఎవరి భుజం మీద?



సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. చలికాలం ఎండ హాయిగా ఉంటుంది కాబట్టి జూపార్కు, గోల్కొండ, శిల్పారామం ఆదివారం వస్తే కిటకిటలాడతాయి. వైజాగ్ బ్రాంచి వాళ్లకైతే ఆర్కే బీచ్, కైలాసగిరి ఉండనే ఉన్నాయి. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ బ్యాగుతో వెళ్లాలో మాత్రం చెప్పాలని ఉంది. బ్యాగు గురించి కూడా ఒక పేజీ రాయాలా అని నవ్వుకోకండి.

ఈ టర్మ్‌లో మా థర్డ్ క్లాస్ పిల్లలకు ఇంగ్లిష్ కాంపోజిషన్‌కి ‘మై ఫ్యామిలీ పిక్నిక్’ అనే టాపిక్ ఇచ్చాను. పేపర్లు దిద్దుతుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. నాన్న కారు నడిపారు, ఫొటోలు తీశారు, ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు. నేను, తమ్ముడు పరుగులు పెట్టాం. మరి అమ్మ? చాలా పేపర్లలో అమ్మకు దక్కింది ఒకే వాక్యం: బ్యాగులోంచి తినడానికి తీసి ఇచ్చింది. ఒక పాప అయితే, మేమంతా ఏనుగును చూడ్డానికి వెళ్తే అమ్మ బ్యాగు దగ్గర కూర్చుంది అని రాసింది. స్పెల్లింగ్ తప్పుల్లేవు, టెన్స్ సరిగ్గా ఉంది. పూర్తి మార్కులు వేసి కాసేపు ఆ పేపర్ అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మ కూడా టికెట్ కొనుక్కునే కదా లోపలికి వెళ్లింది!

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పిల్లలతో బయటికెళ్లే రోజు తీసుకెళ్లే బ్యాగు అమ్మ హ్యాండ్‌బ్యాగుకి పెద్దక్క కాకూడదు. రెండు పట్టీలతో వీపుకి తగిలించుకునే మామూలు బ్యాక్‌ప్యాక్ అయి ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మొహమాటం లేకుండా వేసుకోగలగాలి, ఎవరైనా తెరిచి వెతుక్కోకుండా తీయగలగాలి.

నాకింకా పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. సలహాలకేం, ఎన్నైనా చెప్తుంది అనుకుంటారేమో. ఏటా నలభై మంది చిన్నపిల్లల్ని బస్సెక్కించి ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్లే టీచర్లలో నేనొకదాన్ని. మా స్టాఫ్‌లో ఎవరూ ఆ రోజు చేతి సంచి తేరు. ఒక చెయ్యి ఒక పిల్లకి, ఇంకో చెయ్యి ఇంకో పిల్లకి కావాలి. సంచికి మిగిలేది వీపు ఒక్కటే.

ముందు బరువు లెక్క చూద్దాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు జూకి బయల్దేరారనుకోండి. (సోమవారం జూకి సెలవు, గుర్తుంచుకోండి.) లీటరు బాటిళ్లు రెండు పెడితే నీళ్లే రెండు కిలోలు, స్టీలు బాటిళ్లయితే వాటి బరువు అదనం. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, అరటిపళ్లు, బిస్కెట్లు కలిపి ఇంకో రెండు కిలోలు. మార్చే బట్టలు, తువ్వాలు, పవర్‌బ్యాంకు కూడా వేస్తే ఐదు కిలోలు దాటుతుంది. మన జూపార్కు దాదాపు 380 ఎకరాలు. మధ్యాహ్నానికి మూడేళ్ల చంటిది కాళ్లు నొప్పులని చేతులు చాపుతుంది. దాని బరువు ఇంకో పన్నెండు, పదమూడు కిలోలు. ఒక భుజానికి బ్యాగు, రెండో పక్క చంకన పిల్ల. ఒంగితే బ్యాగు జారి ముందుకొస్తుంది, అది పైకి లాక్కునే లోపు పెద్దవాడు కోతుల బోను దగ్గరికి పరిగెడతాడు. ఆ సమయంలో వాణ్ని పట్టుకోవడానికి అమ్మకి చెయ్యేదీ?

నుమాయిష్ లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం. అక్కడ జనంలో పిల్లవాడి చెయ్యి వదిలితే వాడు రెండు షాపుల అవతల తేలతాడు. బ్యాగు జారిందని సర్దుకునే ఆ రెండు క్షణాలే చెయ్యి వదిలే క్షణాలు. రెండు పట్టీల బ్యాగైతే అసలు సర్దుకునే పనే ఉండదు. కిక్కిరిసిన చోట మాత్రం దాన్ని వీపు నుంచి ముందుకి తిప్పి పొట్ట మీద వేసుకోండి, జిప్ మీ కళ్ల ముందుంటుంది.

కొత్తది కొనాలా? ఈ పేజీలో ఈ మాట రాయొచ్చో లేదో గానీ, చాలా ఇళ్లలో అక్కర్లేదు. అటక మీద నిరుడు వాడిన స్కూల్ బ్యాగు ఉంటుంది చూడండి, పై తరగతి పిల్లలదైతే ఇంకా మంచిది. పట్టీలు గట్టిగా ఉండి జిప్ పనిచేస్తుంటే ఉతికి ఆరేసి వాడేయండి. ఒకే ఒక్క జాగ్రత్త. దాని మీద మార్కర్‌తో రాసిన పిల్లల పేరు, క్లాసు, సెక్షన్ కనిపించకుండా గుడ్డ ముక్క కుట్టేయండి. ముక్కూమొహం తెలియని మనిషి పేరు పెట్టి పిలిస్తే ఆరేళ్ల పిల్ల ఆగిపోతుంది, తనకు తెలిసినవాళ్లే అనుకుంటుంది. ఔటింగ్‌కి స్కూల్ ఐడీ కార్డు మెళ్లో వేసి తీసుకెళ్లే వాళ్లకూ ఇదే మాట. ఫోన్ నంబరు కావాలంటే చొక్కా లోపలి వైపు, బ్యాగు లోపలి జేబులో రాసి పెట్టండి.

కొనక తప్పదంటే సుల్తాన్ బజార్ అయినా, మాల్ అయినా, మీ ఊళ్లో బస్టాండు పక్క దుకాణమైనా ఖాళీ బ్యాగు చూసి కొనకండి. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి బ్యాగూ తేలికే. ఇంటి నుంచి రెండు నిండు బాటిళ్లు పట్టుకెళ్లి, అందులో వేసి, తగిలించుకుని షాపులోనే నాలుగడుగులు నడవండి. షాపతను వింతగా చూస్తే చూడనీయండి. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉన్నాయా, పొట్టిగా ఉన్న అమ్మకీ పొడుగ్గా ఉన్న నాన్నకీ సరిపోయేలా పొడవు మారుతుందా చూడండి. తర్వాత ఒంటి చేత్తో జిప్ తీయండి. రెండో చేతిలో పిల్ల ఉంటుంది మరి. నేల మీద పెడితే నిలబడాలి, పక్కకు ఒరిగిపోతే సాంబారు డబ్బా సంగతి మీకు తెలుసు.

లోపలి గుడ్డ రంగు చూడమని ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. నల్ల లోపలి గుడ్డలో నల్ల పర్సు, నల్ల ఛార్జరు, తాళాలు కనిపించవు. లేత రంగైతే సగం వెతుకులాట తగ్గుతుంది. బాటిళ్లకు బయట రెండు వైపులా జేబులుండాలి. లోపల పెడితే మూత వదులై బట్టలన్నీ తడుస్తాయి. సైజు 20 నుంచి 25 లీటర్లు చాలు. ఇంకా పెద్దది కొంటే ఖాళీ ఉంది కదా అని ఇంకో దుప్పటి పెడతాం. రెక్సిన్ వద్దు, రెండు ఎండాకాలాలకు పొట్టు లేస్తుంది. గోనె సంచుల్లాంటివి ఫొటోలో బాగుంటాయి గానీ తడిస్తే ఆరవు. చక్రాల బ్యాగులు గోల్కొండ మెట్ల మీదా, బీచ్ ఇసుకలోనూ ఎందుకూ పనికిరావు. బేబీ బ్యాగు అని రెండు మూడు వేలకు అమ్మేవాటిలో అరలు ఎక్కువ, అంతే. రెండు గుడ్డ సంచులు లోపల పెట్టుకుంటే ఆ అరలు మీకూ ఉన్నట్టే, ఒకటి తడి బట్టలకు, ఒకటి తిండికి.

రంగు దగ్గర ఒక మాట. గులాబీ పూల బ్యాగు కొంటే అది అమ్మ భుజం మీదే ఉండిపోతుంది, నాన్న వేసుకోరు. ఇది తప్పా ఒప్పా అని నాన్నలతో వాదించే ఓపిక నాకు లేదు. బూడిద రంగో, నేవీ బ్లూనో కొనేయండి, ఆ సాకు పోతుంది. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఎవరు మోస్తారో వాళ్లే ముందు రోజు రాత్రి సర్దాలి. నాన్న మోసి అమ్మ సర్దితే, "ఏమేవ్, నాప్కిన్ ఎక్కడుంది?" అని రోజంతా అమ్మనే అడుగుతారు. అప్పుడు బరువు దిగింది గానీ పని దిగలేదు. అమ్మమ్మ, నానమ్మ వెంట వస్తున్నారని వాళ్లకు సంచి అంటగట్టడం కూడా ఇదే బాపతు.

సర్దడం పెద్ద విద్యేం కాదు. పిల్లలకు తలా ఒక జత బట్టలు, మూడేళ్ల లోపు వాళ్లకు రెండు. ఒక పాత కాటన్ చీర ముక్క: పరుచుకోవచ్చు, ఎండకు కప్పొచ్చు, చెట్టు కింద పిల్లని పడుకోబెట్టొచ్చు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి. దాని మీద లీటరు నీళ్లకు అని ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేయకూడదు. సేఫ్టీ పిన్నులు నాలుగు. బయల్దేరే ముందు చివరగా అన్నం డబ్బాలు. చిప్స్ ప్యాకెట్లు అక్కడే దొరుకుతాయి, ఇంటి నుంచి మోయక్కర్లేదు.

ఇక పిల్లల సంగతి. వాళ్లకూ ఒక చిన్న బ్యాగు ఇవ్వండి అంటాను. స్కూల్ బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. ఒకటి, రెండు తరగతులకు అది 1.6 నుంచి 2.2 కిలోలు, ప్రీ-ప్రైమరీకి అసలు బ్యాగే వద్దంది. ఔటింగ్ రోజున అంత కూడా వద్దు. అర లీటరు బాటిల్, టోపీ, ఒక బిస్కెట్ ప్యాకెట్, వాళ్లకిష్టమైన ఒక బొమ్మ. కిలో లోపే. పది నిమిషాలు కాగానే "మమ్మీ, పట్టుకో" అంటారు, నాకు తెలుసు. అందుకే ఏం పెట్టాలో వాళ్లనే పెట్టుకోనివ్వండి. డైనోసార్లు మూడు పెట్టుకుంటే మూడూ వాడే మోస్తాడు. రెండోసారి ఒకటే తెస్తాడు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు మాత్రం ఈ రూలు వద్దు, వాళ్లు నడిస్తే అదే పదివేలు.

గుడికి వెళ్లేవాళ్లు ఇంకాస్త ఆలోచించుకోవాలి. తిరుమలలో దర్శనం క్యూలోకి లగేజీ, సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో అప్పగించాలి. పిల్లకి కావాల్సినవన్నీ పెద్ద బ్యాగు అడుగున ఉంటే కౌంటర్ ముందు నిలబడి అంతా కుమ్మరించాల్సి వస్తుంది. అవన్నీ ముందే ఒక చిన్న గుడ్డ సంచిలో వేరుగా ఉంటే అది మాత్రం తీసుకుని కదలొచ్చు. ఫోన్లు కూడా కౌంటర్లోనే ఉంటాయి కాబట్టి అక్కడ పిల్లల జేబులో నంబరు రాసి పెట్టినా ఎత్తేవాళ్లుండరు. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పాలో ముందే పిల్లలకు చూపించి ఉంచండి. అలిపిరి మెట్ల దారిలోనో, శ్రీశైలంలోనో కోతులుంటాయి. చేతిలో కవరు కనిపిస్తే లాగేస్తాయి, పిల్ల చేతిలో ఉంటే గీరేస్తాయి కూడా. తిండి ఏదైనా సరే జిప్ వేసిన బ్యాగులోకి వెళ్లిపోవాలి.

ఇంటికొచ్చాక బ్యాగు సోఫా మీద పడేసి అందరూ పడుకుంటే, తడి బట్టలు, ఎంగిలి డబ్బా సోమవారం వాసనతో పలకరిస్తాయి. అది ఖాళీ చేసే పని పిల్లలకు అప్పజెప్పండి. థర్డ్ క్లాస్ వాళ్లకు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఈవీఎస్‌లో చెప్పాం, చక్కగా వచ్చు. డబ్బాలు సింకులోకి, బట్టలు బకెట్‌లోకి, మిగిలిన బిస్కెట్లు సీసాలోకి. చీర ముక్క, పిన్నులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మాత్రం అందులోనే ఉంచి, బ్యాగుని తలుపు వెనక కొక్కేనికి తగిలించండి, నాన్న కళ్లకు ఎదురుగా కనిపించే ఎత్తులో.